తరుగు ఎక్కడ పోతోంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల గజపతి, గంజాం, రాయగడ జిల్లాల దుకాణదారులు రాసిన ఉత్తరాల నుంచి ఆరింటిని ఏరి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. కొందరు పేరు వేయవద్దని కోరారు కనుక ఎవరి పేరూ వేయకుండా ఊరు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: మా నాన్నగారి కాలం నుంచి మాకు కిరాణా కొట్టు ఉంది. రెండేళ్ళ క్రితం బల్ల తీసివేసి, కొనేవారే లోపలికి వచ్చి సరుకు ఎంచుకునేలా మార్చాము. అమ్మకం పెరిగింది గానీ లాభం పెరగలేదు. నాలుగు సీసీ కెమెరాలు పెట్టించినా ఒక్క దొంగ కూడా దొరకలేదు. పెద్ద ఊళ్ళలో మాదిరిగా గుమ్మం దగ్గర మోగే గేట్లు పెట్టిస్తే ఈ చేతివాటం ఆగుతుందా? (పర్లాకిమిడి)

జవాబు: గేట్ల మాట తరువాత చూద్దాం. మీ ఉత్తరంలో లేని ఒక అంకెను ముందుగా అడగాలి: నెలకు మీకు పోతున్నది ఎంత? అమ్మకం పెరిగి లాభం పెరగలేదన్నది అనుమానమే గాని లెక్క కాదు. ఆ అంకె తెలియకుండా కొన్న ఏ యంత్రమైనా డబ్బు మిగిల్చిందో తినేసిందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

బల్లకు అవతల సరుకు, ఇవతల కొనేవాడు ఉన్న కాలంలో ప్రతి వస్తువూ మీ నాన్నగారి చేతి మీదుగానో గుమాస్తా చేతి మీదుగానో పోయేది. కొనేవాడే బుట్ట పట్టుకొని అరల మధ్య తిరిగే పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి ‘పిగ్లీ విగ్లీ’ అనే దుకాణంతో మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో గుమాస్తాల ఖర్చు తగ్గుతుంది, కంటికి నచ్చిన వస్తువు బుట్టలో పడుతుంది కనుక అమ్మకం పెరుగుతుంది; అయితే బల్ల ఇన్నాళ్ళూ జీతం లేకుండా చేసిన కాపలా పోతుంది. ఆ కాపలాను మీరు నాలుగు కెమెరాలకు అప్పగించి ఊరుకున్నారు.

తరుగు అంటే లెక్క ప్రకారం ఉండవలసిన సరుకుకూ అరల్లో నిజంగా ఉన్న సరుకుకూ తేడా. దానిని కట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. నెల మొదట్లో కొట్టులో ఉన్న సరుకు విలువ కొన్న ధరలో 6,00,000 రూపాయలు అనుకుందాం. ఆ నెల 4,50,000 రూపాయల సరుకు కొన్నారు. అమ్మిన సరుకుకు మీకు పడిన ధర 4,20,000 రూపాయలు. అంటే నెల చివర 6,30,000 రూపాయల సరుకు అరల్లో ఉండాలి. చేత్తో లెక్కపెడితే 6,18,000 రూపాయలే తేలితే, మీ తరుగు 12,000 రూపాయలు. అమ్మకాన్ని అమ్మిన ధరలో వేస్తే ఈ లెక్కంతా తారుమారవుతుందని గుర్తుంచుకోండి. ఆ పన్నెండు వేలూ దొంగలే పట్టుకుపోయారని కూడా అనుకోకండి. గడువు తీరి పారవేసిన బిస్కట్లు, ఎలుకలు కొరికిన పప్పు, సరఫరాదారు పెట్టెలో తక్కువ వచ్చినా చూసుకోకుండా సంతకం చేసిన సరుకు, బిల్లు వేయకుండా ఇంటికి తీసుకెళ్ళిన నూనె ప్యాకెట్టు, ఇవన్నీ అందులోనే ఉంటాయి. వీటికి వేరుగా ఒక పద్దు రాస్తే, మిగిలినది చేతివాటం అని కొంత ధైర్యంగా అనవచ్చు.

ఈ లెక్క నెలనెలా చేతితో కట్టడం కష్టం కనుకనే బార్‌కోడ్‌తో బిల్లు వేసే పద్ధతి అవసరం. బార్‌కోడ్‌ను దుకాణంలో మొదటిసారి చదివించినది 1974 జూన్ 26న, అమెరికాలోని ట్రాయ్ అనే ఊరి మార్కెట్టులో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీద. దొంగను పట్టే శక్తి దానికి లేదు గానీ, ఏ వస్తువు ఎన్ని ఉండాలో చెప్పే శక్తి ఉంది. మీరు సంచుల్లో కట్టి అమ్మే పప్పు, చింతపండు, మిరపకాయలకు మీరే లేబుల్ ముద్రించుకోవాలి. అలా చేశాక కొట్టంతా ఒకేసారి లెక్కపెట్టే పని తగ్గించుకొని, చిన్నవై ఖరీదు ఎక్కువ ఉండే వస్తువులను, అంటే జీడిపప్పు, నెయ్యి, పసిపిల్లల పాలపొడి, షేవింగ్ బ్లేడ్లు, ముఖానికి రాసుకునే క్రీములను ప్రతి సోమవారం లెక్కపెట్టండి. నాలుగు వారాలు గడిచేసరికి తరుగు ఏ అరలో పుడుతోందో తెలుస్తుంది. ఆ అరను బిల్లు వేసే మనిషి కంటికి ఎదురుగా మార్చడం చాలాసార్లు ఏ యంత్రం కన్నా బాగా పనిచేస్తుంది.

ఇక కెమెరాలు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, మన ఊళ్ళలో చాలా కెమెరాలు సరుకు పోయిన తరువాతే తెరచి చూసేవి. చూసేసరికి ఆ రోజు దృశ్యం చెరిగిపోయి ఉంటుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాత్రింబవళ్ళు రికార్డు చేస్తే రోజుకు 21.6 గిగాబైట్లు అవుతుంది. మీ నాలుగు కెమెరాలకు కలిపి 86 గిగాబైట్ల పైమాట. 1 టెరాబైట్ డిస్కు పదకొండు రోజులకే నిండి, పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. నెలకొకసారి లెక్క చూసే కొట్టుకు పదకొండు రోజుల జ్ఞాపకం దేనికి పనికివస్తుంది? కనీసం ముప్ఫై రోజులు నిలవాలంటే దాదాపు 2.6 టెరాబైట్లు కావాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే అమరిక పెడితే ఇందులో కొంత తగ్గుతుంది.

కెమెరా పెట్టే చోటు కూడా ముఖ్యం. పైకప్పుకు బిగించిన కెమెరాకు నడినెత్తులు తప్ప ముఖాలు కనిపించవు. ఒక కెమెరాను గుమ్మం దగ్గర, లోపలికి వచ్చేవారి ముఖం పడే ఎత్తులో పెట్టండి. గుమ్మం బయట ఎండ ఉన్నప్పుడు ముఖం నల్లని నీడలా పడుతుంది కనుక వెలుతురు తేడాను సర్దుకోగల రకం అడగండి. ఇంకొక కెమెరా బిల్లు బల్ల మీద ఉన్న వస్తువులూ చేతులూ స్పష్టంగా పడేలా ఉండాలి. కొత్తవి కొనేటప్పుడు, 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమలైన ప్రభుత్వ భద్రతా పరీక్షలు దాటిన కెమెరాయేనా అని అడగండి. బిగించిన మనిషి పెట్టిన పాస్‌వర్డును ఆ రోజే మార్చండి. మీ గల్లా పెట్టెను ఊరంతా ఫోనులో చూసే అవకాశం మీరే ఇవ్వకూడదు.

గేట్ల విషయానికి వస్తే, అవి మోగాలంటే వస్తువు మీద ప్రత్యేకమైన లేబుల్ ఉండాలి. ఐదు రూపాయల సబ్బుకూ పది రూపాయల బిస్కట్టుకూ లేబుల్ అతికించడం దండగ. మీ తరుగులో ఎక్కువ భాగం ఇరవై ముప్ఫై రకాల ఖరీదైన వస్తువుల్లోనే ఉందని సోమవారం లెక్కల్లో తేలితే, వాటి కోసం మాత్రమే గేటు గురించి ఆలోచించండి. అప్పటికీ తాళం ఉన్న అద్దాల బీరువా చౌక.

ప్రశ్న: మాది పట్టుచీరల దుకాణం. గేట్లు పెట్టాలని ఇద్దరు ఏజెంట్లు వచ్చారు. ఒకరు 58 అంటారు, ఒకరు 8.2 అంటారు, నాకు ఏమీ అర్థం కాలేదు. ట్యాగ్ సూది గుచ్చితే చీర పాడవదా? గుండెకు యంత్రం పెట్టించుకున్నవారికి గేటు వల్ల ప్రమాదం ఉంటుందా? (బరంపురం)

జవాబు: ఆ రెండు అంకెలూ రెండు వేర్వేరు పద్ధతుల పేర్లని అనుకోండి. 58 అన్నది 58 కిలోహెర్ట్జ్. ఆ లేబుల్ లోపల పలుచని లోహపు పట్టీ ఒకటి, దాని పక్కన అయస్కాంతపు పట్టీ ఒకటి ఉంటాయి. గేటు ఒక్క క్షణం సంకేతం పంపి ఆగిపోతుంది. గుడిగంటను కొట్టి చేయి తీసినా గంట కొంతసేపు మోగుతున్నట్లు, లోహపు పట్టీ ఆ తరువాత కూడా కంపిస్తూనే ఉంటుంది. గేటు నిశ్శబ్దంగా ఉన్న ఆ సందులో ఆ కంపనాన్ని విని మోగుతుంది. బిల్లు వేసిన తరువాత బల్ల మీది పలకపై చీరను ఉంచినప్పుడు అయస్కాంతపు పట్టీ శక్తి పోతుంది, లోహపు పట్టీ శ్రుతి తప్పుతుంది, గేటు ఊరుకుంటుంది.

8.2 అన్నది 8.2 మెగాహెర్ట్జ్. ఇందులో లేబుల్ అంటే కాగితం మీద చుట్టిన పలుచని లోహపు తీగ చుట్ట, దానికి జతగా విద్యుత్తును కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్ అనే చిన్న భాగం. రేడియో ఒక స్టేషనుకే శ్రుతి అయినట్లు, ఇది ఆ ఒక్క తరంగానికే పలుకుతుంది. బిల్లు బల్ల దగ్గర బలమైన తరంగం తగిలి కెపాసిటర్ కాలిపోతే లేబుల్ మూగబోతుంది. ఈ పద్ధతికి లోహం పడదు. దట్టమైన జరీ అంచుకు ఆనుకొని లేబుల్ ఉన్నా, గేటు పక్కనే ఇనుప షట్టరు ఉన్నా దాని చెవి మందగిస్తుంది, లేదా ఊరికే మోగుతుంది. రెండు పద్ధతులకూ పొసగదు కనుక ఒకదాని లేబుల్ మరొకదాని గేటు వద్ద పనిచేయదు. అందుచేత ఏజెంటు తెచ్చిన నమూనా సంచితో కాకుండా, మీ దుకాణంలోని అన్నిటికన్నా జరీ ఎక్కువ ఉన్న చీరతో, మీ గుమ్మం దగ్గరే, షట్టరు ఎత్తి ఒకసారి, సగం దించి ఒకసారి పరీక్ష చేసి చూపించమనండి. పరీక్షకు ఒప్పుకోని ఏజెంటుకు టీ ఇచ్చి పంపించండి.

సూది విషయంలో మీ భయం నిజమే. గట్టి ప్లాస్టిక్ ట్యాగ్ సూది నేత మధ్య గుచ్చితే పట్టు దారం తెగి రంధ్రం నిలిచిపోతుంది. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంత పేరున్న చీరకు మీ చేత్తోనే చిల్లు పెట్టడం ఏం బాగుంటుంది? పైట చెంగు కుచ్చులకు తాడుతో కట్టే ట్యాగ్ అడగండి. లేదా చీర మడతల నడుమ కాగితపు అట్టకు లేబుల్ అతికించండి. రేకు కాగితం పొదిగిన సంచిలో వేస్తే తరంగం లోపలికి వెళ్ళదన్న సంగతి ఆరితేరిన దొంగలకు తెలుసు. దానిని కనిపెట్టే పరికరాలు కూడా వచ్చాయి గానీ, మీ వంటి దుకాణానికి పట్టుచీరల గది దగ్గర కూర్చున్న ఒక మనిషి అంతకన్నా నమ్మకం.

ఇంకొక పద్ధతి ఉంది, మీరు అడగలేదు కానీ చెప్పడం మంచిది. టోల్ గేటు దగ్గర మీ కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌ను చదివేది కూడా రేడియో తరంగమే. బట్టల దుకాణాల్లో వాడే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు అదే జాతివి. మామూలు గేటు ‘ఏదో ఒకటి దాటింది’ అని మాత్రమే అరుస్తుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ మాత్రం ఏ చీర దాటిందో చెబుతుంది, చేతిలో ఒక పరికరం పట్టుకొని అరల ముందు నడిస్తే వందల చీరలను కొద్ది నిమిషాల్లో లెక్కపెడుతుంది. మీకు రోజూ రాత్రి లెక్క చూసుకోవడమే ముఖ్యమైతే గేట్ల కన్నా ముందు దీని ధర కనుక్కోవడం నా సలహా.

గుండెకు యంత్రం ఉన్నవారు గేటు మధ్య నుంచి మామూలుగా నడిచి వెళ్ళవచ్చు. గేటుకు ఆనుకొని నిలబడకూడదు, అక్కడ ఆగి కబుర్లు చెప్పకూడదు. బరంపురంలో ఠాకురాణి జాతర రోజుల్లో గుమ్మం వద్ద జనం కిక్కిరిసి నిలబడే అవకాశం ఉంటుంది కనుక, వేచి ఉండేవారి కుర్చీలను గేటుకు దూరంగా వేయించండి. చివరగా ఒక మాట: బట్టలు వేసి చూసుకునే గదిలో కెమెరా పెడితే తప్పేమిటని మీ ఏజెంటు అడిగినట్లు రాశారు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద అది నేరం; మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు. ఆ గదిలోకి ఎన్ని బట్టలు తీసుకువెళ్ళారో బయట ఒక బిళ్ళ ఇచ్చి లెక్కపెట్టుకుంటే చాలు.

ప్రశ్న: సంత రోజున కొండల మీది ఊళ్ళ నుంచి సవరవాళ్ళు గంపలు, సంచులతో మా కొట్టుకు వస్తారు. ఆ రోజే సరుకు ఎక్కువ పోతోందని మా అబ్బాయి అంటాడు. సంచులు వెదకవచ్చా? ఎవరైనా దొరికితే స్తంభానికి కట్టి, వీడియో తీసి అందరికీ పంపితే మళ్ళీ ఎవరూ చేయరని పక్క వ్యాపారులు చెబుతున్నారు. (గుణుపురం)

జవాబు: వద్దు. పక్క వ్యాపారుల మాట విన్నారంటే దొంగ కన్నా ముందు మీ అబ్బాయి స్టేషను మెట్లు ఎక్కుతాడు.

సంత రోజున సరుకు ఎక్కువ పోతోందంటే, ఆ రోజు కొట్టులోకి వచ్చే మనుషులే ఎక్కువ. పుట్టసింగి వైపు నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చే మనిషికి గంప లేకుండా ఎలా కుదురుతుంది? ఆ గంప ఉన్నంత మాత్రాన అనుమానించి, జోలె సంచి వేసుకొని వచ్చిన పట్నపువాడిని నవ్వుతూ లోపలికి పంపితే, మీ తరుగు తగ్గదు సరికదా, కొండవారి వ్యాపారమూ పోతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఉంది గానీ, తెలియని భాషలో ఎవరో అరిస్తే భుజాలు తడుముకోనివారు ఎవరుంటారు? బెదురు రుజువు కాదు.

అందరి సంచులూ, ఎవరూ మినహాయింపు లేకుండా, గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించి, సంఖ్య ఉన్న బిళ్ళ ఇవ్వండి. మీ బంధువు వచ్చినా అదే పద్ధతి. బోర్డు ఒడియాలోనూ తెలుగులోనూ రాయించి, పక్కన సంచి బొమ్మ వేయించండి, చదువురానివారికి కూడా తెలుస్తుంది. సంచి బయట ఉంటే వెదికే అవసరమే రాదు. ఒకరి సంచిని వారి ఇష్టం లేకుండా వెదికే అధికారం దుకాణదారుకు లేదు కూడా.

చట్టం ఏమంటుందో చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ దొంగతనానికి సంబంధించినది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి నేరం రుజువైనవాడు సొత్తునో దాని విలువనో తిరిగి ఇస్తే, అతనికి పడేది సమాజసేవ శిక్ష. అరకిలో జీడిపప్పు కోసం చట్టమే అంత మెత్తగా ఉన్నచోట మీరు స్తంభానికి కట్టడం ఏమిటి? అరెస్టు, ఫిర్యాదుల పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరుడు కూడా ఒకరిని పట్టుకోవచ్చు, కానీ బెయిలు లేని, పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం తన కళ్ళ ఎదుట జరిగితేనే. అది కూడా అనవసరపు ఆలస్యం లేకుండా, ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. చిన్న విలువ దొంగతనాల్లో ఈ అధికారం మీకు ఉందో లేదో సెక్షన్ల తగాదా అవుతుంది కనుక, మర్యాదగా ‘బిల్లు మరచిపోయారేమో’ అని అడగడం, ఇవ్వకపోతే పోలీసులకు ఫోను చేయడం మేలు. ఒకరిని గదిలో పెట్టి తాళం వేస్తే అది న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. ఏడాది వరకు జైలు. చేయి చేసుకుంటే దానికి వేరే కేసు. వీడియో పంపితే పరువునష్టం. కులం పేరు పెట్టి నలుగురిలో అవమానిస్తే షెడ్యూల్డు కులాల, తెగల మీద అత్యాచారాల నిరోధానికి 1989లో వచ్చిన చట్టం కిందకు వస్తుంది. మీ అబ్బాయికి ఈ పేరా చదివి వినిపించండి.

ప్రశ్న: మాది మందుల దుకాణం. పదేళ్ళుగా పనిచేస్తున్న కుర్రవాడి మీద ఈ మధ్య నాకు అనుమానం కలుగుతోంది. అడగలేను, అడగకుండా ఉండలేను. అతనికి తెలియకుండా కెమెరా పెట్టించనా? (రాయగడ)

జవాబు: ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ అనుమానం వట్టిదైతే మాత్రం పోయేది పదేళ్ళ నమ్మకం, దానికి ఏ పద్దూ లేదు. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. జయపురంలో మా కొట్టులో ఒకసారి పెద్ద బిస్కట్టు ప్యాకెట్లు వరుసగా రెండు నెలలు తక్కువ వచ్చాయి. సాయంత్రాలు కొట్టు కనిపెట్టుకొని ఉండే కుర్రవాడిని మేము మాటలతో కాకపోయినా చూపులతో దోషిని చేశాము. అతను పని మానేశాడు. తరువాత తేలిందేమిటంటే, బిల్లు యంత్రంలో చిన్న ప్యాకెట్టుకూ పెద్ద ప్యాకెట్టుకూ ఒకే కోడ్ ఎక్కించాము. పెద్దది తగ్గిన మేరకు చిన్నది లెక్కకు మించి ఉంది, మేము చిన్నవి లెక్కపెట్టనేలేదు. అతనిని మళ్ళీ పిలిచాను గానీ రాలేదు.

అందుచేత ముందు మీ బిల్లు యంత్రాన్ని అనుమానించండి. అమ్మేవారు ప్రతి ఒక్కరికీ వేరు వేరు పేరు, పాస్‌వర్డు ఉండాలి. అప్పుడు బిల్లు వేసి రద్దు చేసినవి, తిరిగి ఇచ్చినట్లు రాసినవి, మామూలు కన్నా ఎక్కువ తగ్గింపు ఇచ్చినవి, అమ్మకం లేకుండా గల్లా తెరచినవి ఎవరి పేరు మీద ఎన్ని ఉన్నాయో నెలనెలా జాబితా వస్తుంది. మందుల్లో బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ కూడా ఎక్కుతాయి కనుక మీ పని సులువు. కంపెనీ నుంచి సరుకు దించుకునేవారూ, దానిని కంప్యూటరులో ఎక్కించేవారూ ఒకరే కాకుండా చూడండి. రాత్రి గల్లా లెక్క ఇద్దరు కలిసి చూసి ఇద్దరూ సంతకం చేయాలి, ఆ ఇద్దరిలో మీరు కూడా ఉన్నా సరే.

దొంగచాటు కెమెరా వద్దు. అందరికీ చెప్పి, బోర్డు పెట్టి, గల్లా మీద కెమెరా పెట్టండి. తప్పు చేయనివాడికి అది రక్షణ: కొనేవాడు ‘నేను 500 ఇచ్చాను’ అని తగాదా పడ్డప్పుడు కుర్రవాడి మాట నిలబడేది దాని వల్లనే. ఇవన్నీ చేశాక కూడా లెక్క అతని వైపే చూపిస్తే, గుమాస్తా చేసిన దొంగతనానికి న్యాయ సంహితలో 306వ సెక్షన్ ఉంది, ఏడేళ్ళ వరకు శిక్ష. అంతదాకా వెళ్ళాలా, లెక్క చూపించి పంపివేయాలా అన్నది మీరు తేల్చుకోవలసినది.

ప్రశ్న: ఫోనులో డబ్బు పంపినట్లు చూపించి సరుకు తీసుకువెళ్ళారు. డబ్బు రాలేదు. ఏం చేయాలి? (రాయగడ)

జవాబు: కొనేవారి ఫోను తెరను ఎప్పుడూ రసీదుగా తీసుకోకండి, అటువంటి బొమ్మ తయారుచేయడం నిమిషం పని. డబ్బు పడినట్లు మీ ఫోనుకో, బల్ల మీది పలికే డబ్బాకో కబురు వచ్చాకే సరుకు చేతికివ్వండి. డబ్బా నోరు మూసుకుంటే మీ బ్యాంకు యాప్ తెరచి చూడండి. రోజూ ఉదయం కొట్టు తెరవగానే మీ క్యూఆర్ కోడును మీరే ఒకసారి స్కాన్ చేసి, మీ పేరే వస్తోందా చూసుకోండి. దాని మీద వేరొకరి కాగితం అంటించి డబ్బు మళ్ళించుకునే మోసం కూడా ఉంది. పోయిన డబ్బు గురించి వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

ప్రశ్న: దసరా ముందు రాత్రి మా కొట్టు షట్టరు వంచి సెల్‌ఫోన్లు ఎత్తుకుపోయారు. కెమెరాలో ఇద్దరు కనిపిస్తున్నారు, వాళ్ళు పాతపట్నం వైపు వెళ్ళారని ఎవరో చెప్పారు. అది ఆంధ్రా, ఇది ఒడిశా. ఏ స్టేషనులో చెప్పాలి? వీడియోను ఫోనులో తీసి ఇచ్చాము, అది చాలదంటున్నారు. పైగా ఆ రాత్రి గంటసేపు కరెంటు లేదు, ఆ గంట రికార్డు కాలేదు. (పర్లాకిమిడి)

జవాబు: దొంగ ఏ రాష్ట్రంలోకి పారిపోయినా నేరం జరిగింది మీ కొట్టులో కనుక మీ ఊరి స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వండి. ఒకవేళ మీరు అప్పటికి పాతపట్నంలో ఉంటే, అక్కడ ఇచ్చినా తీసుకోవాలి. నేరం జరిగిన హద్దుతో నిమిత్తం లేకుండా ఫిర్యాదు నమోదు చేయాలని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది, అక్కడి నుంచి దానిని మీ స్టేషనుకు పంపుతారు. ఫోను ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో ఫిర్యాదు ఇస్తే మూడు రోజుల లోపు వెళ్ళి సంతకం చేయాలి. పోయిన ఒక్కొక్క ఫోనుకూ ఉండే విడి గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ సంఖ్య, మీ కొనుగోలు బిల్లుల్లో ఉంటుంది; ఆ జాబితా ఫిర్యాదుతో పాటే ఇవ్వండి. మీ కేసులో వీడియో కన్నా గట్టి ఆధారం అదే, ఎందుకంటే ఆ ఫోనులో ఎవరైనా సిమ్ వేసిన నాడు దాని జాడ దొరికే అవకాశం ఉంటుంది.

వీడియో తెర మీద ఆడుతుండగా ఫోనుతో తీసినది నీడకు నీడ వంటిది. కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టె, అంటే డీవీఆర్ నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి అసలు ఫైలు తీయించండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం అటువంటి ఫైలుతో ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో మొదటి భాగం ఆ యంత్రం బాధ్యత ఉన్న మీరు, రెండవ భాగం నిపుణుడు నింపాలి. ఫైలులో తరువాత ఎవరూ చేయి పెట్టలేదని తెలిపే హ్యాష్ విలువ కూడా రాయాలి. పాత చట్టం ఉన్నప్పుడే, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో, అసలు యంత్రాన్నే కోర్టుకు తేలేనప్పుడు ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు తేల్చింది. డిస్కు నిండి ఆ రాత్రి చెరిగిపోకముందే ఈ పని చేయించండి. వీలైతే డిస్కునే తీసి భద్రపరచి, కొత్తది వేయించుకోండి.

కరెంటు సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసినవారికి ఈ జిల్లాలో కరెంటును నమ్ముకోవద్దని వేరుగా చెప్పనక్కరలేదు. డీవీఆర్, కెమెరాలు తినే కరెంటు కొద్దిపాటిది. కంప్యూటరుకు పెట్టే చిన్న యూపీఎస్ కాసేపు మోస్తుంది, ఇంట్లో ఉన్న ఇన్వర్టరు నుంచి ఒక తీగ లాగిస్తే రాత్రంతా నడుస్తుంది. పిడుగుల కాలంలో కెమెరా తీగ వెంట వచ్చే పోటు డీవీఆర్‌ను కాల్చివేస్తుంది కనుక, ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి, ఆరుబయటి కెమెరాలకు సర్జి రక్షణ పెట్టించండి. డీవీఆర్‌ను గల్లా కింద కాకుండా తాళం ఉన్న మరో గదిలో పెట్టాలి. షట్టరు వంచగలిగినవాడు డీవీఆర్‌ను కూడా చంకన పెట్టుకుపోగలడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని గడియారం వెనకబడుతోందేమో చూడండి. మీరు పంపిన చిత్రంలో సమయం మధ్యాహ్నం రెండు గంటలని ఉంది, దృశ్యంలో మాత్రం వీధిదీపం వెలుగుతోంది. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా ఎన్ని గంటలో మీరే ముందుగా రాసి ఇవ్వండి.